కరెంటు ఇంజనీరు, చెస్ ఛాంపియన్: మిఖాయిల్ బోట్విన్నిక్

ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు, కలాం గారి మీద ఇప్పటికే ముగ్గురు పేర్లు ఇచ్చేశారు, విశ్వేశ్వరయ్య గారి మీద ఇద్దరు. నేను బోట్విన్నిక్ అన్నాను. ఎవరు అని అడిగారు. చెస్ ఆడేవాళ్ళకి తప్ప ఆ పేరు పెద్దగా తెలీదు. కానీ ఆయన ఇంజనీరు, అదీ ఎలక్ట్రికల్. తర్వాత మన సీఎస్ వాళ్ళలోకి కూడా వచ్చాడు. మన కాలేజీ పత్రికలో ఆయన గురించి రాయకపోతే ఇంకెక్కడ రాస్తాం? ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఆయన నాకెలా పరిచయమయ్యాడో చెప్పాలి. అందులో కొంచెం సిగ్గు కూడా ఉంది.

పోయిన సెమిస్టర్‌లో ఒక ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ ఆడాను. అవతలివాడు క్వీన్ ముందున్న బంటుతో మొదలుపెడితే, అంటే డి4 ఆడితే, నల్లపావులతో ఏం ఆడాలో నాకు ఎప్పుడూ భయమే. మెల్లమెల్లగా ఊపిరాడనీయకుండా చేస్తారు. అందుకే టోర్నమెంట్‌కి వారం ముందు ఒక వీడియో చూసి, సెమీ స్లావ్‌లో బోట్విన్నిక్ వేరియేషన్ అని ఒకటి బట్టీ పట్టాను. పదకొండు ఎత్తుల దాకా అచ్చం వీడియోలో లాగే నడిచింది. పన్నెండో ఎత్తులో అవతలి అబ్బాయి జీ3 ఆడాడు. నా వీడియోలో అక్కడ బిషప్ ఈ2కి వెళ్తుంది. ఇరవై నిమిషాలు బోర్డు వంక చూస్తూ కూర్చున్నా. ఎఫ్6 మీద ఒక బంటు ఊరికే దొరుకుతున్నట్టు కనిపిస్తే గుర్రంతో తినేశా. ఆ గుర్రం మళ్ళీ పాత పిన్‌లోనే ఇరుక్కుంది. నా రాజు మధ్యలో ఉండిపోయాడు. ఇంకో పదకొండు ఎత్తులకి చెయ్యి కలిపి లేచొచ్చేశా.

తర్వాత తెలిసిందేంటంటే ఆ జీ3 అనేది వింత ఎత్తేమీ కాదు, అదే మెయిన్ లైన్. ఎక్కువమంది ఆడేది అదే. నేను చూసిన వీడియోలో అది లేదు, అంతే. పదో తరగతిలో సోషల్ ఆన్సర్లు ఎలా రాశానో చెస్ కూడా అలాగే ఆడానన్నమాట. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే ఖాళీ పేపరు.

సెలవులకి గార్లదిన్నె వెళ్ళినప్పుడు ఆ లైన్‌ని అసలు ఒక మనిషి ఎందుకు కనిపెట్టాడు, ఆ మనిషి ఎలాంటివాడు అని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులోంచి వచ్చిందే ఈ వ్యాసం.

మిఖాయిల్ మొయిసెయెవిచ్ బోట్విన్నిక్ 1911 ఆగస్టు 17న కుఒక్కలా అనే ఊళ్ళో పుట్టాడు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యం కింద ఉన్న ఫిన్లాండ్‌లో భాగం. ఇప్పుడు దాని పేరు రెపినో, సెయింట్ పీటర్స్‌బర్గ్ పక్కనే. యూదుల కుటుంబం. నాన్న పళ్ళు కట్టే టెక్నీషియన్, అమ్మ పళ్ళ డాక్టరు. ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అమ్మకి తరచూ ఒంట్లో బాగుండేది కాదు. చెస్ నేర్చుకున్నది పన్నెండేళ్ళకి, అన్న స్నేహితుడి దగ్గర, ఇంట్లో చేసుకున్న పావులతో. ఇప్పటి లెక్కలో పన్నెండేళ్ళంటే చాలా లేటు. మన హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిపోయింది.

కానీ నేర్చుకున్న రెండేళ్ళకే, 1925లో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా లెనిన్‌గ్రాడ్ వచ్చి ఒకేసారి చాలామందితో ఆడినప్పుడు, ఈ పద్నాలుగేళ్ళ పిల్లోడు ఆయన్ని ఓడించాడు. 1931లో, ఇరవై ఏళ్ళకి, సోవియట్ ఛాంపియన్. ఆ టైటిల్ మొత్తం ఆరుసార్లు గెలిచాడు. 1936లో నాటింగ్‌హామ్‌లో కాపాబ్లాంకాతో కలిసి మొదటి స్థానం. అదే సమయంలో లెనిన్‌గ్రాడ్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువు, ఆ తర్వాత రీసెర్చ్.

నాకు ఇక్కడే ఆయన మీద అసూయ పుట్టింది. మనం ఒక్క మిడ్ ఎగ్జామ్ ఉందంటే వారం రోజులు బోర్డు ముట్టుకోం. ఆయన రెండూ ఎలా చేశాడు? చదివితే అర్థమైంది, రెండూ ఒకేసారి చెయ్యలేదు. ఒకటి పట్టుకుంటే ఇంకోటి వదిలేసేవాడు. 1948లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మూడేళ్ళ పాటు ఒక్క పోటీ గేమ్ కూడా ఆడకుండా డాక్టరేట్ మీద కూర్చున్నాడు. పెద్ద జనరేటర్లు, వాటి కంట్రోల్, అదీ ఆయన సబ్జెక్టు. కరెంటు లైన్లో లోడు ఎక్కువ తక్కువలైనప్పుడు యంత్రం అదుపు తప్పకుండా ఎలా చూడాలి అనేది. మా ఇంట్లో ఈ సంగతి నాయనకి చెబితే వెంటనే ఆసక్తిగా విన్నాడు. చెస్ గురించి కాదు, లోడు గురించి. వోల్టేజ్ పడిపోయి మా బోరు మోటారు ఎన్నిసార్లు కాలిపోయిందో ఆయనకి లెక్క తెలుసు. ఒకసారి వైండింగ్ చేయించాలంటే ఆ పంట మీద శెనక్కాయల లాభం సగం అక్కడికే పోతుంది.

యుద్ధం వచ్చినప్పుడు బోట్విన్నిక్‌ని కళ్ళు బాగాలేవని సైన్యంలోకి తీసుకోలేదు. భార్య గయానే బ్యాలే డాన్సరు. ఆమె పనిచేసే థియేటర్‌ని ఉరల్ పర్వతాల దగ్గర పెర్మ్‌కి తరలిస్తే, ఆమెతో పాటు వెళ్ళాడు. అక్కడ హైవోల్టేజ్ లైన్ల ఇన్సులేషన్ చూసే ఉద్యోగం. ఒకపక్క కట్టెలు కొట్టడానికి కూడా పంపేవాళ్ళు. చెస్ చేతిలోంచి జారిపోతోందని భయపడి, మంత్రి మొలొటోవ్‌కి ఉత్తరం రాసి, వారంలో మూడు రోజులు చెస్ చదువుకోవడానికి సెలవు సంపాదించాడు. ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతున్న యుద్ధం మధ్యలో చెస్‌కి సెలవు! నాకు ఇది మొదట నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. స్టాలిన్ కాలంలో ప్రభుత్వానికి ముద్దుబిడ్డగా ఉన్నవాడు ఆయన. ఆయన్ని ముందుకు తెచ్చిన క్రిలెంకో అనే పెద్ద అధికారినే 1938లో ఆ ప్రభుత్వం కాల్చి చంపింది. అలాంటి చోట ముద్దుబిడ్డగా బతకడం ఎలా ఉంటుందో నాకు ఊహకి అందదు.

ఇక ఆ వేరియేషన్. బోర్డు ఉంటే ముందర పెట్టుకోండి. లేకపోతే ఈ రెండు పేరాలు దాటేసి వెళ్ళినా ఏం కాదు.

తెల్లవాళ్ళు డి4, సి4 ఆడతారు. నల్లవాళ్ళు డి5, సి6, ఈ6 పెట్టి గోడ కడతారు, ఎఫ్6లో గుర్రం. తెల్ల బిషప్ జీ5కి వచ్చి ఆ గుర్రాన్ని క్వీన్‌కి అంటించి పిన్ చేస్తుంది. ఇక్కడ నెమ్మదిగా కూర్చోవచ్చు. బోట్విన్నిక్ కూర్చోడు. సి4 బంటుని తినేస్తాడు. తెల్లవాళ్ళు ఈ4తో మధ్యంతా ఆక్రమిస్తారు. ఆయన బి5తో తిన్న బంటుని కాపాడుకుంటాడు. తెల్లవాళ్ళు ఈ5 అని పిన్‌లో ఉన్న గుర్రం మీదికి బంటుని తోస్తారు. గుర్రం పోయినట్టే. అప్పుడు హెచ్6, ఆ వెంటనే జీ5. పిన్ ఊడిపోబోతుంది కాబట్టి తెల్లవాళ్ళు జీ5 దగ్గర గుర్రాన్ని ఇచ్చి రెండు బంట్లు తింటారు, పిన్‌లో ఉన్న గుర్రాన్ని తర్వాత తినేస్తారు. దుమ్ము తగ్గాక లెక్క చూస్తే నల్లవాళ్ళకి ఒక బంటు తక్కువ. రాజు పక్కన జీ, హెచ్ బంట్లు రెండూ లేవు. ఎఫ్6లో తెల్లబంటు ఒకటి గొంతులో ముల్లులా ఉంటుంది. చూడ్డానికి ఇల్లు పడిపోయినట్టే ఉంటుంది. నేను బట్టీ పట్టినప్పుడు కూడా ఇది ఎందుకు బాగుందో నాకు తెలీదు, బాగుందని వీడియోలో చెప్పారు కాబట్టి నమ్మాను.

ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. ఆ రాజు కుడివైపు ఉండబోవడం లేదు. ఎడమవైపు క్యాస్లింగ్ చేసుకుంటాడు. అటువైపు నల్లవాళ్ళకి ఏ7, బి5, సి6, సి4 అని నాలుగు బంట్లున్నాయి, అవతల ఏ, బి, డి మూడే. కుడివైపు పోయిన బంట్లు నష్టం కాదు, అవి ఏనుగుకి తెరిచిన తలుపులు. బి7లో బిషప్ కూర్చుంటుంది, దాని ముందు సి6 బంటు అడ్డం. ఆ బంటు సి5కి జరిగిన రోజు బిషప్ చూపు నేరుగా తెల్లరాజు ఇంటిమీదే. అందుకే తెల్లవాళ్ళు జీ3 ఆడతారు! జీ2లో తమ బిషప్‌ని పెట్టి ఆ చూపుకి ఎదురు నిలబెట్టడానికి. ఈ ఒక్క కారణం తెలిసుంటే నేను ఆరోజు ఆ ఎఫ్6 బంటు తినేవాణ్ణి కాదు. సి5 తోసి, క్వీన్‌ని బి6కి తెచ్చి, రాజుని ఎడమవైపు దాచేవాణ్ణి. ఎత్తు గుర్తులేకపోయినా దారి దొరికేది.

ఈ లైన్‌ని ఆయనకంటే ముందే కొందరు ఆడారు. కానీ 1940ల్లో దాన్ని లోపలిదాకా తవ్వింది ఆయనే. ప్రపంచానికి తెలిసింది మాత్రం 1945 సెప్టెంబరులో. యుద్ధం ముగిసిన వెంటనే సోవియట్ యూనియన్, అమెరికా జట్లు రేడియో ద్వారా ఆడాయి. మాస్కోలో ఒకరు, న్యూయార్క్‌లో ఒకరు, ఎత్తులు వైర్‌లెస్‌లో వెళ్ళేవి. ఇప్పటి ఆన్‌లైన్ చెస్‌కి ముత్తాత అనుకోండి. మొదటి బోర్డులో అమెరికా ఛాంపియన్ ఆర్నాల్డ్ డెంకర్‌తో బోట్విన్నిక్ నల్లపావులు. ఇరవై రెండో ఎత్తులో ఏనుగుని హెచ్2 బంటు మీద వేశాడు. రాజు దాన్ని తిన్నాడు. రెండో ఏనుగు హెచ్8కి వచ్చి చెక్. డెంకర్ క్వీన్‌ని అడ్డం పెట్టక తప్పలేదు. రెండు ఏనుగులిచ్చి క్వీన్‌ని తీసుకుని, ఇరవై ఐదో ఎత్తులో తన క్వీన్‌ని ఎఫ్4లో పెట్టాడు. అక్కణ్ణుంచి ఆ క్వీన్ రెండు బిషప్పుల మీద, ఒక గుర్రం మీద ఒకేసారి గురిపెట్టింది. డెంకర్ ఆట వదిలేశాడు.

ఆ ఏనుగు దాడికి దారి ఎక్కడిది అని వెనక్కి తిప్పి చూశాను. తొమ్మిదో ఎత్తులో హెచ్ బంటు గుర్రాన్ని తిని పక్కకి జరిగినప్పుడు తెరుచుకున్న లైన్ అది. తొమ్మిదిలో తెరిచి ఇరవై రెండులో వాడాడు. మధ్యలో పదమూడు ఎత్తులు ఒక బంటు తక్కువతో కూర్చున్నాడు. మొత్తం మ్యాచ్‌ని సోవియట్ జట్టు 15½–4½ తేడాతో గెలిచింది. అమెరికా వాళ్ళకి అది పెద్ద షాకు.

1946లో ఛాంపియన్ అలేఖిన్ చనిపోయాడు. సింహాసనం ఖాళీ. 1948లో హేగ్, మాస్కో నగరాల్లో ఐదుగురితో పోటీ పెట్టారు. బోట్విన్నిక్ 20 గేముల్లో 14 పాయింట్లు, రెండో వాడు స్మిస్లోవ్ 11. ఎస్టోనియా ఆటగాడు కెరెస్ మొదటి నాలుగు గేములూ బోట్విన్నిక్ చేతిలో ఓడిపోయి చివరిది గెలవడం మీద, పైనుంచి ఒత్తిడి ఉందా లేదా అని చెస్ వాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. తేలలేదు.

ఒక తమాషా చెప్తాను. ఛాంపియన్‌గా కూర్చుని టైటిల్ కాపాడుకునే మ్యాచ్ ఆయన ఒక్కటి కూడా గెలవలేదు. 1951లో బ్రాన్‌స్టీన్‌తో 12–12, 1954లో స్మిస్లోవ్‌తో 12–12. సమానమైతే ఛాంపియనే ఛాంపియన్ కాబట్టి నిలబడ్డాడు. 1957లో స్మిస్లోవ్ చేతిలో, 1960లో ఇరవై మూడేళ్ళ టాల్ చేతిలో ఓడిపోయాడు. ఓడిన ఛాంపియన్‌కి ఏడాదిలో మళ్ళీ మ్యాచ్ అడిగే హక్కు ఉండేది. రెండుసార్లూ, 1958లో ఒకటి, 1961లో ఒకటి, తిరిగి గెలిచాడు. టాల్‌తో రెండోసారి ఆడేటప్పటికి ఆయనకి దాదాపు యాభై. అందరూ టాల్ మాంత్రికుడని మురిసిపోతుంటే, ఈయన ఇంట్లో కూర్చుని టాల్ ఎక్కడ ఇబ్బంది పడతాడో వెతికి, ఆ రకం పొజిషన్లే బోర్డు మీదికి తెచ్చాడు. ఓడిపోయిన గేముల్ని ఇంజనీరు పాడైన మెషీన్ విప్పినట్టు విప్పేవాడు. ఎదుటివాడి సిగరెట్ పొగ ఇబ్బంది పెడుతుంటే, స్నేహితుడు రగోజిన్‌తో ప్రాక్టీసు ఆడుతూ ముఖం మీద పొగ ఊదించుకుని అలవాటు చేసుకున్నాడు. నేను ఓడిపోయిన ఆ గేమ్‌ని రెండు నెలల దాకా తెరిచి చూడలేదు. స్కోర్ షీట్ బ్యాగు అడుగున అలాగే పడి ఉంది.

1963లో పెట్రోసియన్ చేతిలో ఓడాక ఆ మళ్ళీ ఆడే హక్కు లేదు, తీసేశారు. 1970లో పోటీలు మానేశాడు. ఆ తర్వాత పిల్లలకి నేర్పాడు. కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ ముగ్గురూ ఆయన దగ్గర కూర్చున్నవాళ్ళే, ముగ్గురూ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. చిన్నప్పటి కార్పోవ్‌ని చూసి ఈ పిల్లోడు చెస్‌కి పనికిరాడు అనుకున్నాడు కూడా. అంత పెద్దాయన లెక్క కూడా తప్పింది, నాకు కాస్త ధైర్యం వచ్చింది. 1976లో కోర్చ్‌నోయ్ దేశం వదిలి పారిపోయినప్పుడు గ్రాండ్‌మాస్టర్లందరితో ఖండన ఉత్తరం మీద సంతకాలు పెట్టించారు. సంతకం చెయ్యని కొద్దిమందిలో ఈయన ఒకడు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది ఆయన జీవితంలో చివరి పాతికేళ్ళు. మనిషి ఎలా ఆలోచిస్తాడో అలాగే ఆలోచించే చెస్ ప్రోగ్రాం రాయాలనుకున్నాడు. దాని పేరు పయొనీర్. మనం అల్గారిథమ్స్ క్లాసులో చదివినట్టు, కంప్యూటర్ అన్ని ఎత్తుల్నీ చెట్టులాగా విప్పి వెతుకుతుంది. క్లాడ్ షానన్ 1950లోనే రెండు దారులు చెప్పాడు: అన్నీ వెతకడం ఒకటి, పనికొచ్చేవి మాత్రమే ఏరుకుని వెతకడం రెండు. బోట్విన్నిక్ రెండోదాన్ని పట్టుకున్నాడు. గ్రాండ్‌మాస్టర్ లక్ష ఎత్తులు చూడడు, నాలుగైదు చూస్తాడు, ఆ నాలుగైదు ఎలా ఏరుకుంటాడో రాస్తే చాలు అని ఆయన నమ్మకం.

అదే మాస్కోలో ఇంకో బృందం మొదటి దారిలో వెళ్ళింది. వాళ్ళలో ఒకాయన అడెల్సన్ వెల్స్కీ. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో మనల్ని ఏడిపించిన ఏవీఎల్ ట్రీలో మొదటి రెండక్షరాలు ఆయనవే. వాళ్ళ ప్రోగ్రాం కైస్సా 1974లో మొట్టమొదటి కంప్యూటర్ చెస్ ప్రపంచ పోటీ గెలిచింది. బోట్విన్నిక్ పయొనీర్ మాత్రం ఒక్క టోర్నమెంట్ కూడా ఆడే స్థితికి రాలేదు. అందులోని ఆలోచనల్ని పవర్ స్టేషన్ల రిపేర్లకి షెడ్యూల్ వెయ్యడానికి వాడారు. మళ్ళీ కరెంటు దగ్గరికే వచ్చాడు చూడండి.

1995 మే 5న మాస్కోలో క్యాన్సర్‌తో చనిపోయాడు. రెండేళ్ళకి, 1997 మేలో, ఐబీఎం డీప్ బ్లూ సెకనుకి ఇరవై కోట్ల పొజిషన్లు చూస్తూ ఆయన శిష్యుడు కాస్పరోవ్‌నే ఓడించింది. ఏరుకోవడం కాదు, గుడ్డిగా అన్నీ వెతకడమే గెలిచింది. ఆయన చూడకుండా పోవడమే మంచిదైందేమో అనిపించింది. కానీ 2017లో వచ్చిన ఆల్ఫాజీరో సెకనుకి ఎనభై వేల పొజిషన్లే చూసి, ఏడు కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ని ఓడించింది. ఏవి చూడాలో ఏరుకోవడం తనంతట తానే నేర్చుకుంది. బోట్విన్నిక్ అనుకున్న పద్ధతి ఇదే అని చెప్పలేను. ఆయన రూల్స్ చేత్తో రాయాలనుకున్నాడు, ఇది నెట్‌వర్క్. అయినా అడిగిన ప్రశ్న మాత్రం ఆయనదే. పాతికేళ్ళు పెట్టి ఫలితం లేని ప్రాజెక్టు చేసిన మనిషిని తెలివైనవాడనాలా, మొండివాడనాలా? నా మినీ ప్రాజెక్టు చెస్ ఇంజిన్. అది ఇప్పుడు నాలుగు ఎత్తుల లోతు వెతికేసరికే ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెడుతోంది. ఏరుకునే భాగం రాద్దామని కూర్చుంటే, ఏ ఎత్తు ఎందుకు మంచిదో ముందు నాకు తెలియాలి. నాకే తెలియంది దానికేం చెప్పేది?

సెలవుల్లో ఒక రాత్రి త్రీఫేజ్ కరెంటు కోసం నాయన మేలుకుని ఉన్నాడు. మా వైపు వేసవిలో మిడ్ పెన్నార్ నీళ్ళు అందని పొలాలకి బోరే దిక్కు, కరెంటు వచ్చిన టైముకి మోటారు వెయ్యాలి. నేను బల్ల మీద బోర్డు పెట్టుకుని డెంకర్ గేమ్ ఆడిస్తున్నా. నాయనకి చెస్ రాదు, పులిజూదం వచ్చు. పక్కన కూర్చుని ఈ ఏనుగుని ఊరికే ఎందుకు ఇచ్చేశాడని అడిగాడు. వీడియోలో అలాగే ఉంది అని కాకుండా మొదటిసారి కారణం చెప్పాను. తొమ్మిదో ఎత్తు దగ్గర నుంచి మొదలుపెట్టి, హెచ్ లైన్ ఎలా తెరుచుకుందో, బి7 బిషప్ ఎటు చూస్తోందో వేలు పెట్టి చూపించాను. రెండుచోట్ల తడబడ్డాను. ఒకచోట ఆయన అడిగినదానికి జవాబు రాక, పావులు వెనక్కి పెట్టి మళ్ళీ ఆడాను. పన్నెండో ఎత్తు దగ్గర బిషప్ ఈ2 బదులు జీ3 పెట్టి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడుతుంటే లైటు వెలిగింది. నాయన చెప్పులేసుకుని మోటారు దగ్గరికి పోయాడు. బోర్డు ఎత్తొద్దని, వచ్చాక చూస్తానని చెప్పి పోయాడు.